క్యాల్క్ కీ లెక్క తప్పదు, టైపింగే తప్పుతుంది: క్యాసియో ఎఫ్‌ఎక్స్-991ఈఎక్స్ సమీక్ష

క్యాసియో ఎఫ్‌ఎక్స్-991ఈఎక్స్ క్లాస్‌విజ్ సైంటిఫిక్ క్యాలిక్యులేటర్‌లో 552 ఫంక్షన్లు ఉన్నాయని కంపెనీ చెబుతుంది. బీజగణితం నేర్చుకునేవాళ్లకీ నేర్పేవాళ్లకీ రోజూ అక్కరకొచ్చేది మాత్రం పై వరసలో ఉన్న క్యాల్క్ కీ. బీజీయ సమాసాన్ని ఒక్కసారి టైపు చేసిపెడితే చాలు, చరరాశులకు విలువలు మార్చిమార్చి ఎన్నిసార్లైనా ప్రతిక్షేపించి జవాబు చెబుతుంది. ఈ సమీక్ష ఆ కీ గురించీ, దానికి తోడుండే ఒకటి రెండు సదుపాయాల గురించీ మాత్రమే. మాత్రికలు, సదిశలు, సాంఖ్యకం జోలికి పోవడం లేదు.

ముందు వాడే తీరు చూద్దాం. సమాసం 2ఎక్స్² − 5ఎక్స్‌వై + వై అనుకోండి. ఈ మోడల్లో ఎక్స్‌కి విడిగా కీ ఉంది, ఆల్ఫా నొక్కక్కర్లేదు. వై కోసం ఆల్ఫా నొక్కి, భిన్నాన్ని దశాంశంగా మార్చే కీ నొక్కాలి. మధ్యలో గుణకార గుర్తులు పెట్టనక్కర్లేదు. 5, ఎక్స్, వై పక్కపక్కన కొడితే గుణించమనే అర్థం చేసుకుంటుంది. సమాసం పూర్తయ్యాక సమానం నొక్కకుండా క్యాల్క్ నొక్కాలి. సమానం నొక్కారో, విలువలేమీ అడగకుండా మెమరీలో అప్పటికే ఉన్నవాటితో లెక్క కట్టేస్తుంది. క్యాల్క్ నొక్కితే చరరాశులు ప్రస్తుత విలువలతో సహా తెర మీదికొస్తాయి. −3 కొట్టి సమానం, 4 కొట్టి సమానం, చివర ఇంకోసారి సమానం. జవాబు 82. వేరే విలువలతో కావాలంటే మళ్లీ క్యాల్క్ నొక్కడమే, సమాసం చెక్కుచెదరదు. ఋణ విలువకు తీసివేత కీ వాడకండి. బ్రాకెట్ల మధ్య అడ్డగీత గుర్తున్న కీ వేరే ఉంది, అది వాడాలి.

ఇదే లెక్కను క్యాల్క్ లేకుండా, అంకెల్ని నేరుగా పెట్టి 2×−3²−5×−3×4+4 అని కొట్టి చూడండి. 46 వస్తుంది. మిషన్ తప్పేమీ లేదు. ఘాతానికి ఋణ గుర్తు కన్నా ముందు వరస. కాబట్టి −3² అంటే ముందు 9, తర్వాత దానికి ఋణ గుర్తు, మొత్తం −9. మొదటి పదం 18 కావాల్సింది −18 అయింది, 36 తేడా వచ్చింది. మనకు కావాల్సింది (−3)². క్యాల్క్‌లో ఈ గొడవే లేదు. ఎక్స్‌లో ఉన్న విలువను అది ఒకే ముద్దగా తీసుకుంటుంది, అంటే కనిపించని బ్రాకెట్ ఎప్పుడూ ఉన్నట్టే. ఈ కీకి ఉన్న అతి పెద్ద విలువ ఇదేనని మా అభిప్రాయం. వేగం ఎలాగూ ఉంటుంది. అసలు లాభం ఋణ సంఖ్యల దగ్గర కనిపిస్తుంది.

వర్గ సమీకరణం మూలాలు ఎలాంటివో చెప్పే విచక్షణి కట్టేటప్పుడు ఇది ఇంకా బాగా తెలుస్తుంది. 2ఎక్స్² − 5ఎక్స్ − 3 అనే వర్గ సమాసానికి ఏ = 2, బీ = −5, సీ = −3. బీ² − 4ఏసీ అని టైపు చేసి క్యాల్క్ నొక్కి విలువలిస్తే 49. నేరుగా −5²−4×2×−3 అని కొడితే −25 + 24, అంటే −1. ఒక్క బ్రాకెట్ లోపంతో వాస్తవ మూలాలున్న సమీకరణం వాస్తవ మూలాల్లేనిదైపోతుంది. విద్యార్థి కాగితం మీద చేసే తప్పు కూడా సరిగ్గా ఇదే కాబట్టి, ముందు చేత్తో కట్టి, తర్వాత క్యాల్క్‌తో సరిచూసుకునే అలవాటు మంచిది. రెండూ వేరైతే మొదట వెతకాల్సింది ఋణ సంఖ్యల వర్గాల దగ్గర.

ఒక చిన్న హెచ్చరిక కూడా ఇక్కడే. −ఎక్స్² అని టైపు చేస్తే ఎక్స్ విలువ 3 అయినా −3 అయినా జవాబు −9. ఇది సరైనదే, బీజగణితం చెప్పేదీ ఇదే. కంప్యూటర్లో ఎక్సెల్ షీటు మాత్రం వేరే దారి పట్టింది: అక్కడ గడిలో 3 ఉంచి ముందు ఋణ గుర్తు పెట్టి వర్గం చేస్తే 9 చూపిస్తుంది. రెండూ పక్కపక్కన పెట్టుకుని పనిచేసేవాళ్లు ఈ తేడా గుర్తుంచుకోవాలి.

ఇక తప్పులు ఎక్కడ దొర్లుతాయో చూద్దాం. క్యాల్క్ ప్రతిక్షేపణలో తప్పదు గానీ, మనం టైపు చేసిన సమాసం మన మనసులో ఉన్న సమాసమేనా అనేది దానికి తెలియదు. అన్నిటికన్నా ముందుండేది భాగహారం. 1÷2ఎక్స్ అని కొడితే ఈ మోడల్ 1÷(2ఎక్స్) అని తనే బ్రాకెట్ చేర్చి చూపిస్తుంది. ఎక్స్ = 6 అయితే జవాబు పన్నెండో వంతు. మీ ఉద్దేశం ఎక్స్‌లో సగం అయితే రావాల్సింది 3. ఎందుకంటే, గుర్తు లేకుండా పక్కపక్కన రాసిన గుణకారానికి భాగహారం కన్నా ముందు వరస ఇచ్చారు. 6÷2(1+2) విలువ 1 అనా 9 అనా అనే పాత తగవు కూడా ఇక్కడ 6÷(2(1+2)) అయి 1గా తేలుతుంది. ముందటి తరం 991ఈఎస్ ప్లస్‌లోనూ 1÷2ఎక్స్‌కి ఇదే జవాబు వస్తుంది. బ్రాకెట్ ఇలా తెర మీద చూపించడం చాలా మేలు; జవాబుతో పాటు పై వరస కూడా ఒకసారి చదివితే తప్పు అక్కడే దొరుకుతుంది. భిన్నాల విషయంలో మా సలహా ఒకటే: ÷ కీ మానేసి, లవం హారం గళ్లున్న భిన్నం కీ వాడండి. (ఎక్స్+3) పైన, (ఎక్స్−2) కింద ఉన్న సమాసాన్ని ÷ తో రాస్తే రెండు వైపులా బ్రాకెట్లు తప్పనిసరి. భిన్నం గడిలో రాస్తే అవసరమే లేదు.

సైన్, కాస్ లాంటి కీలు నొక్కగానే ఒక బ్రాకెట్ తెరుచుకుంటుంది. దాన్ని మూయకుండా సైన్(ఎక్స్ + 3 అని ముందుకెళితే 3 కూడా సైన్ లోపలికే పోతుంది. మిషన్ అభ్యంతరం చెప్పదు, చివర్లో బ్రాకెట్ మూసేసినట్టే భావించి జవాబిస్తుంది. అలాగే పెద్దక్షరం ఈ (E) అనే చరరాశి వేరు, 2.718తో మొదలయ్యే స్థిరాంకం, చిన్నక్షరం ఈ (e) వేరు. రెండిటికీ వేర్వేరు కీలు. ఘాతాంక సమాసాల్లో ఒకదాని బదులు ఇంకొకటి పడితే జవాబు వస్తుంది, తప్పు జవాబు వస్తుంది.

తర్వాతది పాత విలువల బెడద. క్యాల్క్‌లో ఇచ్చిన విలువలు ఆయా చరరాశుల మెమరీలో ఉండిపోతాయి. తెర తుడిచే ఏసీ కీ నొక్కినా, మోడ్ మార్చినా, మిషన్ ఆపేసినా చెరగవు. మరుసటి లెక్కలో క్యాల్క్ అడిగినప్పుడు ఏమీ కొట్టకుండా సమానం నొక్కితే పాత విలువే వాడుకుంటుంది. మరోవైపు మనం టైపు చేసిన సమాసం మాత్రం హిస్టరీలోనే ఉంటుంది. ఆన్ కీ నొక్కినా, వేరే మోడ్‌కి వెళ్లినా ఆ హిస్టరీ తుడిచిపెట్టుకుపోతుంది. ఉండాల్సింది పోతుంది, పోవాల్సింది ఉంటుంది. ఈ ఏర్పాటు మాకు నచ్చలేదు. తరచూ వాడే సూత్రాన్ని దాచుకోవడానికి ఒక్క చోటైనా ఇచ్చి ఉండాల్సింది.

మనం ఇవ్వకుండానే విలువలు మారే సందర్భాలూ ఉన్నాయి. బిందువు నిరూపకాలను దూరం, కోణంగా మార్చే పోలార్ మార్పిడి చేస్తే ఫలితాలు ఎక్స్, వైలలో వచ్చి కూర్చుంటాయి. సమీకరణానికి మూలం వెతికే సాల్వ్ వాడితే దొరికిన మూలం ఆ చరరాశిలో చేరుతుంది. ఎం+ కీ పొరపాటున తగిలితే ఎం విలువ మారుతుంది. ద్రవ్యరాశికి ఎం వాడే భౌతికశాస్త్రం విద్యార్థులు దీన్ని గమనించుకోవాలి. షిఫ్ట్, ఆపైన స్టో (విలువను అక్షరంలో దాచే కీ) నొక్కితే అన్ని చరరాశుల విలువలూ ఒకే తెర మీద కనిపిస్తాయి. షిఫ్ట్, 9, ఆపైన 2, సమానం నొక్కితే మెమరీ మొత్తం సున్నా అవుతుంది. కొత్త అధ్యాయం లెక్కలు మొదలుపెట్టే ముందు ఈ నాలుగు కీలు నొక్కడం సగం తలనొప్పిని తగ్గిస్తుంది.

అక్షరాలు తొమ్మిదే: ఏ నుంచి ఎఫ్ దాకా ఆరు, ఎక్స్, వై, ఎం. తొలివేగం యూ, కాలం టీ, వ్యాసార్ధం ఆర్, ఎత్తు హెచ్ ఇవేవీ లేవు. యూటీ + ½ఏటీ² కట్టాలంటే పేర్లు మార్చుకోవాలి: త్వరణం ఏ, తొలివేగం బీ, కాలం ఎక్స్ అని కాగితం మూల రాసుకుని, బీఎక్స్ + ఏఎక్స్²÷2 అని టైపు చేయాలి. త్వరణం −2, తొలివేగం 12, కాలం 5 ఇస్తే 60 − 25, అంటే 35 వస్తుంది. విలువలు కొట్టే ముందు తెర మీద ఏ అక్షరం మీద ఉన్నామో చూడాలి. అలవాటుగా సూత్రంలోని వరసలో కొట్టుకుపోతే త్వరణం వచ్చి కాలంలో పడొచ్చు. ప్రమాణాలు మిషన్‌కి తెలియవు కాబట్టి, కిలోమీటర్లు గంటకు ఉన్నవి మీటర్లు సెకనుకు మార్చడం మన పనే. అయితే విలువ అడిగిన చోట 72÷3.6 అని లెక్క రూపంలోనే కొట్టొచ్చు, 20 అని తనే కట్టుకుంటుంది.

ఆ సౌకర్యం కచ్చితత్వానికి కూడా పనికొస్తుంది. 9ఎక్స్² లో మూడో వంతును 0.333 అని ఇస్తే 0.998001 వస్తుంది. 1÷3 అని ఇస్తే 1. లోపల 15 అంకెల దాకా పట్టుకుని, తెర మీద 10 చూపిస్తుంది కాబట్టి మనం ముందుగా కుదించి ఇవ్వడంలో అర్థం లేదు. ఎక్స్² − 2 కి మూలం సరిచూసేటప్పుడు 1.414 ఇచ్చి −0.000604 వచ్చిందని కంగారు పడేవాళ్లుంటారు. √2 అనే ఇవ్వండి, సున్నా వస్తుంది.

మా దృష్టిలో క్యాల్క్‌కి అసలు ఉపయోగం, సూక్ష్మీకరణ సరిగా చేశామో లేదో పట్టుకోవడంలో ఉంది. మొదటి సమాసం, మైనస్, బ్రాకెట్లో మన జవాబు, ఇలా ఒకే వరసలో టైపు చేసి విలువలివ్వాలి. సున్నా రాకపోతే తప్పు ఖాయం. (ఎక్స్+3)² − (ఎక్స్²+9) అని కొట్టి ఎక్స్ = 7 ఇస్తే 42 వస్తుంది. 42 అంటే 6×7, అంటే మనం 6ఎక్స్ పదం మరిచిపోయాం. 7 లాంటి ప్రధాన సంఖ్య ఇవ్వడంలో ఉన్న లాభం ఇదే. తేడా ఎంతో చెప్పడంతో ఆగకుండా ఎక్కడుందో కూడా సైగ చేస్తుంది.

ఏ విలువ ఇస్తామన్నది చాలా ముఖ్యం. ఇదే సమాసానికి ఎక్స్ = 0 ఇస్తే తేడా సున్నా, తప్పు దాక్కుంటుంది. ఎక్స్ = 1 ఇస్తే ఎక్స్², ఎక్స్³ ఒకటే అయిపోతాయి. ఎక్స్ = 2 అయితే ఎక్స్², 2ఎక్స్, ఎక్స్+2 మూడూ 4. అందుకని 0, 1, 2 మానేయండి. రెండు చరరాశులుంటే రెండిటికీ ఒకే విలువ ఇవ్వొద్దు, ఎక్స్²వై, ఎక్స్‌వై² తేడా తెలియకుండా పోతుంది. ఒకటి ధనం, ఒకటి ఋణం ఉండేలా 7, −5 లాంటివి బాగుంటాయి. వర్గమూలం ఉన్నచోట ఋణ విలువ తప్పక ఇవ్వాలి: √(ఎక్స్²) ని ఎక్స్ అని రాసేసినవాళ్లకు ఎక్స్ = 7 దగ్గర అంతా బాగానే కనిపిస్తుంది, −7 దగ్గర మొదటిది 7, రెండోది −7. దశాంశాలు ఇస్తే సున్నాకి బదులు పదికి మైనస్ పదమూడో ఘాతం లాంటి చిల్లర మిగలొచ్చు, పూర్ణాంకాలే మేలు.

ఒక్క విలువ దగ్గర సున్నా వచ్చినంత మాత్రాన రెండు సమాసాలూ సర్వసమానమని రుజువైనట్టు కాదు. ఒక చరరాశిలో ఉన్న బహుపదులైతే మాత్రం దీనికి గట్టి లెక్క ఉంది: పరిమాణం, అంటే అతి పెద్ద ఘాతం, ఎన్‌కి మించకపోతే, ఎన్+1 వేర్వేరు విలువల దగ్గర సరిపోలితే ఇక ఎక్కడైనా సరిపోలుతుంది. వర్గ బహుపదికి మూడు విలువలు, ఘన బహుపదికి నాలుగు. క్యాల్క్ నాలుగుసార్లు నొక్కడం అర నిమిషం పని.

ఇంకో కిటుకు ఉంది, కంపెనీ దీన్ని దృష్టిలో పెట్టుకుని ఈ కీ పెట్టి ఉండదు. ధన గుణకాలున్న బహుపదుల లబ్ధంలో ఎక్స్ = 100 ఇస్తే విస్తరణ గుణకాలు జవాబులోనే చదువుకోవచ్చు. (ఎక్స్+2)(ఎక్స్+3)(ఎక్స్+4) కి 1092624 వస్తుంది. కుడి నుంచి రెండేసి అంకెలు విడదీస్తే 1, 09, 26, 24. అంటే ఎక్స్³ + 9ఎక్స్² + 26ఎక్స్ + 24. ఋణ గుణకాలుంటే కొంచెం సర్దుకోవాలి: (ఎక్స్−2)(ఎక్స్+5) కి 10290, చివరి 90ని 100 − 10 అనుకుని ముందున్న 102కి ఒకటి కలిపితే 103, −10, అంటే ఎక్స్² + 3ఎక్స్ − 10. గుణకాలు వంద దాటితే ఎక్స్ = 1000 ఇవ్వాలి. తెర మీద పది అంకెలే పడతాయి కాబట్టి 1000తో ఘన బహుపది దాకా, 100తో నాలుగో పరిమాణం దాకా వెళ్లొచ్చు.

మ్యాథ్ ఎర్రర్ వస్తే భయపడక్కర్లేదు, అది చాలాసార్లు పాఠమే చెబుతుంది. (ఎక్స్²−4) లవం, (ఎక్స్−2) హారంగా ఉన్న భిన్నానికి ఎక్స్ = 2 ఇస్తే ఎర్రర్. సూక్ష్మీకరించిన ఎక్స్+2 కి అదే విలువ ఇస్తే 4. కొట్టివేతలో పోయిన షరతు ఇది. ఎక్స్ ≠ 2 అని పక్కన రాయడం ఎందుకు అవసరమో ఇంతకన్నా సూటిగా చూపించలేం.

ఒకే చరరాశికి వరసగా చాలా విలువలు కావాలంటే క్యాల్క్ కన్నా టేబుల్ మోడ్ నయం. ఫంక్షన్ ఇచ్చి, మొదలు, చివర, అంతరం చెబితే పట్టిక వేసేస్తుంది. ఎక్స్² + 3ఎక్స్ − 12 కి −5 నుంచి 5 దాకా 1 అంతరంతో 11 వరసలు వస్తాయి. గ్రాఫు గీసుకోవడానికి అంతకన్నా ఏం కావాలి. ఒక ఫంక్షనైతే 45 వరసలు, రెండు ఫంక్షన్లైతే 30. దాటితే రేంజ్ ఎర్రర్. 991ఈఎస్ ప్లస్‌లో ఒక ఫంక్షన్‌కే 30 వరసల హద్దు. పట్టికలో మారేది ఎక్స్ ఒక్కటే, సమాసంలో ఏ, బీ ఉంటే మెమరీలో ఉన్న విలువలే తీసుకుంటుంది కాబట్టి వాటిని ముందే స్టోతో నింపుకోవాలి. రెండు చరరాశులూ మారాలంటే 5 నిలువు వరసలు, 45 అడ్డ వరసలున్న స్ప్రెడ్‌షీట్ ఉంది. పని జరుగుతుంది గానీ ఆ చిన్న తెర మీద ఓపిక కావాలి.

క్యాల్క్ మామూలు లెక్కల మోడ్‌లో, సంకీర్ణ సంఖ్యల మోడ్‌లో మాత్రమే పనిచేస్తుంది. సోపానాలు చూపించదు. 3ఎక్స్ + 5ఎక్స్ ఇస్తే 8ఎక్స్ అని చెప్పదు, సంఖ్యలే దాని భాష. సోపానాలకు మార్కులుండే చోట జవాబు సరిచూసుకోవడం వరకే ఇది సాయం. పరీక్ష హాల్లో అనుమతి ఉందో లేదో ఆ పరీక్ష నిబంధనలే చూసుకోవాలి.

ఎవరు కొనాలి? సూత్రాల్లో ప్రతిక్షేపణ ఎక్కువగా చేసే భౌతికశాస్త్రం, ఇంజినీరింగ్ విద్యార్థులకు సందేహం లేకుండా మంచి ఎంపిక. ఇప్పటికే 991ఎంఎస్ లేదా 991ఈఎస్ ప్లస్ చేతిలో ఉంటే క్యాల్క్ కోసమని మార్చక్కర్లేదు, వాటిలోనూ ఆ కీ ఉంది; కాకపోతే చరరాశుల్ని ఒక్కొక్కటిగా, పక్కన ప్రశ్నార్థకంతో అడుగుతాయి. 82ఎంఎస్‌లో ఈ కీ లేదు. అందులో విలువల్ని స్టోతో ఏ, బీలలో ఉంచి, అక్షరాలతోనే సమాసం టైపు చేసి సమానం నొక్కాలి; విలువ మార్చాక బాణం కీతో సమాసాన్ని వెనక్కి తెచ్చి మళ్లీ సమానం. నెమ్మదే గానీ ఋణ సంఖ్యల విషయంలో అదే రక్షణ దొరుకుతుంది. తర్వాత వచ్చిన 991సీడబ్ల్యూ కొనబోయేవాళ్లు ఒకటి గమనించాలి: అందులో క్యాల్క్ కీ తీసేశారు. దాని బదులు ఎఫ్(ఎక్స్), జీ(ఎక్స్) అని ఫంక్షన్లు నిర్వచించుకుని ఎఫ్(−3) అని అడగొచ్చు. ఒక చరరాశికి ఆ పద్ధతి బాగానే ఉంది. మూడు నాలుగు చరరాశులున్న సూత్రాలకు ఒక్కో విలువా విడిగా మార్చుకుంటూ పోవాలి కాబట్టి, ఆ పని ఎక్కువగా ఉండేవాళ్లు ఈఎక్స్ దొరికినంత కాలం దాన్నే తీసుకోవడం మంచిది.